పీడీఎఫ్‌కి పసుపు

గుల్లపేట సముద్రతీర మహిళా సంఘం అధ్యక్షురాలు బుల్లమ్మ ఆ రోజు పొద్దున్న వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిది గంటల బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళడం, ఆఫీసులో ఉత్తర్వు చూపించి రసీదు తెచ్చుకోవడం, వచ్చేటప్పుడు అత్తగారికి మోకాళ్ళ నూనె కొనడం. మధ్యాహ్నం అన్నం వేళకి ఇల్లు చేరిపోవాలి. అందులో పోలీసు కేసు లేదు, కంప్యూటర్లు ఆగిపోవడం లేదు, నలభై మంది చేత తిట్లు తినడం లేదు. అవన్నీ తర్వాత వాటంతటవే వచ్చి చేరాయి.

ఆ ఉత్తర్వు ఐసుబండిది. సంఘంలో ముప్ఫై ఇద్దరు ఆడవాళ్ళు. తెల్లారేసరికి పడవల దగ్గర చేపలు కొని, గంపలకెత్తి, శ్రీకాకుళం బజారుకి పట్టుకెళ్ళి అమ్ముకుంటారు. గంపతో బస్సెక్కబోతే కండక్టరు ముక్కు మూసుకుని దిగమంటాడు. ఆటో కోసం ఎండలో నిలబడితే బజారు చేరేసరికి చేప మెత్తబడిపోతుంది. రెండేళ్ళ కిందట వేసవిలో ఒక్కరోజే పదకొండు గంపలు కాలవలో పారబోసి బుల్లమ్మ రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చింది. బుల్లమ్మ నలుగురిలో ఏడవడం ఊరు అంతకు ముందు చూడలేదు. ఆ మర్నాడే మహిళా సంఘాలకు పరికరాలిచ్చే జిల్లా ఆఫీసులో చేపలు ఐసులో వేసి తీసుకెళ్ళే ఐసుబండికి దరఖాస్తు పెట్టింది. చెప్పులరిగేలా తిరిగింది. ఇన్నాళ్ళకి మంజూరైంది.

మంజూరైన సంగతి తెలియడం మాత్రం కాస్త ఆలస్యమైంది. సంఘం మెయిలు చూసే బాధ్యత ఆమె అల్లుడు వినోద్‌ది. సొంత తమ్ముడి కొడుకే. ఊళ్ళో జెరాక్సు, రీచార్జి కొట్టు నడుపుతాడు. మెయిలు రోజూ చూస్తే విలువ తగ్గిపోతుందన్నట్టు ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు తెరుస్తాడు.

"ఇయాలే ఆకరి రోజు అత్తా," అన్నాడు పొద్దున్నే పరిగెత్తుకొచ్చి. "నాలుగ్గంటల్లోగా ఆళ్ళ కంప్యూటర్లో ఈ ఫైలు సరిసూయించుకోవాల. నేకపోతే బండి తర్వాతి సంఘానికి పోతాదంట. కాయితం మీద తెస్తే ఒల్లరంట, ఫైలే తేవాలంట."

బుల్లమ్మ చీర కొంగు దోపుకుని బయల్దేరబోయింది. గడప దగ్గర అత్తగారు లక్ష్మణమ్మ పసుపు గిన్నెతో నిలబడి ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి, ఆవిణ్ణి దాటుకుని గడప దాటడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. గుల్లపేటలో కొత్త వలైనా, శుభలేఖైనా, మంచి కబురు మోసే ఏ కాగితమైనా నాలుగు మూలలా పసుపు పడకుండా బయటికి పోదు.

"కాయితం ఇటు తే," అంది లక్ష్మణమ్మ.

"కాయితం నేదు మామ్మా. ఫోన్లో ఉన్నాది," అన్నాడు వినోద్.

"అయితే ఫోనుకే ఎడతాను." అనడం ఏమిటి, ఫోను అద్దానికి నాలుగు మూలలా తడి పసుపు అద్దేసింది. వినోద్ గబగబా చొక్కాతో తుడుచుకున్నాడు. ఫైలు ఎక్కించిన పెన్‌డ్రైవు చూపించి, పోనీ దీనికి పెట్టమన్నాడు. లక్ష్మణమ్మకి అదీ నచ్చలేదు. "పెళ్ళికూతురికి ఎట్టమంటే పెట్టికి ఎట్టమన్నాడంట నీలాటోడే. లోపలున్న కాయితానికి ఎట్టాల. మీ మావ ఇంటి పట్టా కాయితం పసుపు నేకుండా అట్టుకెల్లినాడు. పదేళ్ళు తిరిగినాడు."

ఆ పదేళ్ళకి వేరే కారణాలు చాలా ఉన్నాయి. లక్ష్మణమ్మ లెక్కలో మాత్రం కారణం ఒక్కటే. అవతల బస్సు వేళవుతోంది. వినోద్ ఫోన్లో పీడీఎఫ్‌ల మీద బొమ్మలూ రాతలూ వేసే యాప్ ఉంది. శుభలేఖలు చెయ్యడానికి వాడుతుంటాడు. అందులో ఉత్తర్వు తెరిచి, మొదటి పేజీకి నాలుగు మూలలా నాలుగు పసుపు చుక్కలు పెట్టాడు. లక్ష్మణమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, కింద కుడి మూలన తక్కువైందంది. అక్కడ ఇంకాస్త పెంచాడు. పాత ఫైలు మీదే దాన్ని భద్రపరిచి, పెన్‌డ్రైవులోకీ మార్చుకుని, బుల్లమ్మతో కలిసి బస్సెక్కాడు.

"ఇయాల గంప నేదేటి?" అని కండక్టరు పలకరించాడు.

"రేపట్నించి నీ బస్సుకి మా గంపలు రావు బాబూ. నీ ముక్కు నీ దగ్గరే ఎట్టుకో," అంది బుల్లమ్మ. ఇంత మాట రేపు అనవలసింది, ఇవాళే అనేసింది.

ఆఫీసులో పదకొండింటికి వరసలో నిలబడితే, భోజనాల విరామం దాటాక రెండింటికి వంతు వచ్చింది. సీనియర్ అసిస్టెంటు జగన్నాధం పెన్‌డ్రైవు తీసుకుని కంప్యూటర్లో పెట్టాడు. డిజిటల్ సంతకాలు వచ్చాక ఆయన బతుకు సుఖంగా ఉంది. పూర్వం ప్రతి కాగితం చదవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆకుపచ్చ టిక్కు పడితే రసీదు, ఎర్ర ఇంటూ పడితే వాపసు. పడింది ఎర్ర ఇంటూ. "సంతకం చెల్లదు. సంతకం చేసిన తర్వాత పత్రం మార్చబడినది" అని కింద ఒక వాక్యం కూడా వచ్చింది.

"దీంట్లో ఏం మార్చారు?" అన్నాడు జగన్నాధం.

"అక్షరం ముట్టుకోలేదు సార్," అన్నాడు వినోద్. అబద్ధమాడానన్న ఊహ కూడా అతనికి లేదు. శుభలేఖకు పసుపు రాస్తే ముహూర్తం మారిపోయిందని ఎవరైనా అంటారా?

జగన్నాధం తెరని దగ్గరగా చూశాడు. మూలల్లో ఏదో పచ్చగా కనిపించింది. "ఒరే కూర్మయ్యా, పులిహార చేత్తో ఈ మోనిటరు ఎవరు ముట్టుకున్నారు?" అని అటెండరు మీద విసుక్కున్నాడు. కూర్మయ్య తడిగుడ్డ తెచ్చి మూలలు తుడిచాడు. పోలేదు. సబ్బు నీళ్ళతో తుడిచాడు. పోలేదు. మోనిటరు పాడైపోయిందని తీర్మానించి ఇద్దరూ కలిసి పక్క గదిలోంచి ఇంకో మోనిటరు మోసుకొచ్చారు. దాంట్లోనూ పచ్చగానే ఉంది. ఆఫీసు మొత్తానికి పాత సామానే కొన్నారని జగన్నాధం కొనుగోలు విభాగాన్ని తిట్టుకుని, ఉత్తర్వు మీద సంతకం చేసిన అధికారిణి అనూరాధ గదిలోకి వెళ్ళాడు.

ఆవిడ స్వయంగా వచ్చి చూసింది. "ఇది నేను చేసిన సంతకమే. రెండు వారాల కిందట చేశాను."

"మీరు అవునంటున్నారు మేడమ్. కంప్యూటరు కాదంటోంది," అన్నాడు జగన్నాధం ఎంతో వినయంగా. ఎవరి మాట నమ్మాలో ఆయనకి అనుమానం లేదు. "ఎక్కడో ఏదో మార్చారు. ఫోర్జరీ అయితే సంఘం పేరు తీసెయ్యాలి. కేసు కూడా పెట్టాలి."

మేడమ్ ఫోను రావడంతో లోపలికి వెళ్ళింది. బుల్లమ్మ వరండాలోకి వచ్చి, దిక్కు తోచక ఇంటికి ఫోను చేసింది. అటు నుంచి లక్ష్మణమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే. "పసుపెట్టినారు సరే, మీద కుంకం ఎట్టినారా?"

పెట్టలేదు.

"అదీ సంగతి. ఉత్త పసుపుతో ఏ పని అయ్యిందే మనింట్లో?"

వేరే సలహా చెప్పేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. బుల్లమ్మ పెట్టమంది, వినోద్ పెట్టాడు. నాలుగు పసుపు చుక్కల మీద నాలుగు ఎర్రచుక్కలు. పనిలో పనిగా పైన మధ్యలో చిన్న స్వస్తికం కూడా వేశాడు, అది ఎవరూ అడగలేదు. ఫైలు మళ్ళీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, "ఇందాకటిది సరిగ్గా ఎక్కినట్టు లేదు సార్, ఇంకోసారి చూడండి," అని జగన్నాధానికి ఇచ్చాడు.

జగన్నాధం తెరిచాడు. మళ్ళీ ఎర్ర ఇంటూ. ఈసారి ఆయన చూపు ఇంటూ మీద నిలవలేదు. "ఇందాక పచ్చగా ఉన్నచోట ఇప్పుడు ఎర్రగా ఉంది," అన్నాడు నెమ్మదిగా. "ఫైలు దానంతట అదే మారుతోంది. కూర్మయ్యా, ఇది వైరస్."

ఆ మాట అని ఊరుకుంటే బాగుండేది. కిందటి నెల ఎక్కడో జరిగిన శిక్షణలో, వైరస్ అనుమానం వస్తే వెంటనే నెట్ తీగ పీకెయ్యమని చెప్పారు. శిక్షణలో ఆయనకు గుర్తున్నది అదొక్కటే. గోడ దగ్గరికి వెళ్ళి, ఏ తీగ దేనిదో తెలియక ఉన్నవన్నీ పీకేశాడు. అయిదు గదుల్లో కంప్యూటర్లు ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నాయి. వరసలో ఉన్న నలభై మంది నోళ్ళు తెరిచారు. ఒకాయన పొలం పని మానుకుని వచ్చానన్నాడు. ఒకావిడ పసిపిల్లని పక్కింట్లో వదిలేసి వచ్చానంది. గుల్లపేట చేపలోళ్ళు వైరస్ తెచ్చారని మాట పుట్టింది. అది వరస చివరికి చేరేసరికి ఇద్దరు ముక్కులకి రుమాళ్ళు కట్టుకున్నారు. అప్పటికి టైము మూడూ పది.

అనూరాధ మేడమ్ బయటికి వచ్చింది. జగన్నాధం పోలీసులకి ఫోను చెయ్యడానికి అనుమతి అడిగాడు. వినోద్ మొహం పాలిపోయింది. బుల్లమ్మ ఆ కుర్రాడి మొహం చూసింది, గోడ గడియారం చూసింది, ముక్కులకి రుమాళ్ళు కట్టుకున్నవాళ్ళని చూసింది. ఇంక దాచేదేముంది అనుకుని ముందుకొచ్చింది.

"అమ్మా, వైరసూ నేదు, గియిరసూ నేదు. ఆ పచ్చ సుక్కలు మేమే ఎట్టినాం. పసుపమ్మా అది. మా అత్త ఎట్టమన్నాది. ఎర్రవి కుంకం. అల్లుడిదేటీ తప్పు నేదు, కేసెడితే నా మీద ఎట్టండి."

సబ్బు నీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడ్డ కూర్మయ్య దాన్ని మెల్లగా కింద పెట్టాడు. మేడమ్‌కి నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వు తగ్గాక కుర్చీ లాగి బుల్లమ్మని కూర్చోమంది.

"సంతకం కాగితం కింద ఓ మూల ఉంటుందనుకున్నారు కదా. ఇది అలా కాదమ్మా. నేను సంతకం చేసినప్పుడు ఫైలులో ఉన్న ప్రతి అక్షరం, ప్రతి చుక్క కలిపి కంప్యూటరు ఒక అంకె కడుతుంది. ఆ అంకెకి నా తాళం వేస్తుంది. ఆ తాళం నేను తప్ప ఇంకెవరూ వెయ్యలేరు. కానీ అది నాదేనా కాదా అని ఎవరైనా చూసి తెలుసుకోవచ్చు. ఇక్కడ మీ ఫైలు పెట్టగానే మళ్ళీ అంకె కట్టి చూస్తుంది. రెండూ కలిస్తే ఆకుపచ్చ టిక్కు. ఒక్క చుక్క పెరిగినా అంకె మారిపోతుంది."

వినోద్ డిగ్రీ చదివినవాడు, అర్థమైనట్టు తలూపాడు. బుల్లమ్మకి నిజంగానే అర్థమైంది.

"అంటే మా గంప కట్టులాగ," అంది. "ఆటోలో గంపలు అంపినప్పుడు మూత మీద తాడు కడతాం. ఎవుల ముడి ఆళ్ళదే. నా ముడి నాను తప్ప ఇంకెవులూ ఎయ్యనేరు. బజార్లో గంపలు దించుకునే గురమ్మ ముడి సూసి, ఇది బుల్లమ్మ గంపే అంటాది. దార్లో ఎవులైనా ఇప్పి సేప తీసినా, పోనీ మంచి సేపే ఇంకోటి ఏసినా, మళ్ళీ నా ముడి పడదు."

"నేను మూడు రోజులు శిక్షణకి వెళ్ళి నేర్చుకున్నది ఇదేనమ్మా," అంది మేడమ్. "పసుపు మంచి చేపే. కానీ ముడి విప్పేశారు. ఇంట్లో ప్రింటు తీసుకుని దానికి ఎంత కావాలంటే అంత పెట్టుకోండి. ఫైలు మాత్రం ముట్టుకోకండి. అసలు ఫైలు ఎక్కడుంది?"

అసలు ఫైలు మీదే పసుపు ఫైలు భద్రపరిచానని వినోద్ ఏడుపు గొంతుతో చెప్పాడు. తర్వాత, మెయిల్లో వచ్చింది మెయిల్లోనే ఉంటుంది కదా అని అతనికే తట్టింది. గంటకు పైగా జేబులోనే ఉన్నదాని కోసం ఊరంతా వెతికినట్టయింది. దాన్ని పెన్‌డ్రైవులోకి దించాడు. జగన్నాధం పీకిన తీగలన్నీ కూర్మయ్య మళ్ళీ పెట్టాడు. ఏది ఎక్కడిదో అతనికి తెలుసు. కంప్యూటర్లు లేచాయి, వరసలో వాళ్ళు కాస్త తగ్గారు. మూడున్నరకి ఉత్తర్వు మీద ఆకుపచ్చ టిక్కు పడింది. బుల్లమ్మ రెండు చేతులూ ఎత్తి తెరకి దణ్ణం పెట్టింది.

"అన్నీ సరిపోయాయి. వేలిముద్ర వేసి రసీదు పట్టుకెళ్ళు," అన్నాడు జగన్నాధం. చదువురాని వాళ్ళకి రసీదు చదివి వినిపించాలని నియమం ఉంది. ఆయన నియమం తప్పే మనిషి కాదు. గొంతు సవరించుకుని చదివాడు. "గుల్లపేట సముద్రతీర మహిళా సంఘానికి మంజూరు చేయబడిన వరి నాట్ల యంత్రము, సంఖ్య ఒకటి, మంచి స్థితిలో స్వీకరించుటకు సమ్మతించడమైనది."

బుల్లమ్మ చాపిన వేలు గాల్లో ఆగిపోయింది. "ఏటదీ?"

"వరి నాట్ల యంత్రం."

"మాకు వరేటి బాబూ. మావి సేపలు. సముద్రంలో నాట్లెయ్యమంటావేటి?"

ఉత్తర్వు రెండో పేజీలో నిజంగానే అలా ఉంది. వినోద్ మొదటి పేజీలో సంఘం పేరు, మంజూరు అన్న మాట, గడువు తేదీ చూసుకుని మురిసిపోయాడు. రెండో పేజీ దాకా వెళ్ళలేదు. జగన్నాధం కూడా వెళ్ళలేదు. ఆయన అసలు ఏ పేజీకీ వెళ్ళడం మానేసి చాలా కాలమైంది.

"టిక్కు ఆకుపచ్చగా ఉందమ్మా," అన్నాడాయన ఓపిగ్గా. "ఎవరూ ఏమీ మార్చలేదు. అంటే ఇదే సరైనది."

"మార్చనేదు సరే. ముందే తప్పు రాస్తేనో? ముడి నాదైనంత మాత్రాన సేప మంచిదని కాదు కదా. నానే కుళ్ళిన సేప ఏసి కట్టినాననుకో. ముడీ నాదే, కుళ్ళూ నాదే."

మేడమ్ మొహంలో నవ్వు పోయింది. రెండు వారాల కిందట ఆ రోజు ఒక్కసారి పిన్ను కొట్టి నూట నలభై ఉత్తర్వుల మీద ఒకేసారి సంతకం చేసింది. వాటిలో ఒక్కటీ చదవలేదు. అసలు జాబితా తెరిచి చూస్తే రెండు వరసలు తారుమారై ఉన్నాయి. బుల్లమ్మ దరఖాస్తులో ఐసుబండి అని శుభ్రంగా ఉంది. అంటే పొద్దున్నే పసుపు లేకుండా వచ్చి ఉంటే మధ్యాహ్నానికల్లా రసీదు చేతిలో పడేది, మర్నాడు గుల్లపేట ఇసకలో వరి నాట్ల యంత్రం దిగేది. ఇంకో రెండేళ్ళు తిరగాల్సి వచ్చేది.

"తప్పు నాదేనమ్మా," అంది మేడమ్ సూటిగా. "సరిచేసి ఇప్పుడే మళ్ళీ సంతకం చేస్తాను. గడువు ఇంకా ఉంది."

గడువు ఇరవై నిమిషాలుంది. ఉత్తర్వు దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. సొరుగులోంచి సంతకం చేసే చిన్న పరికరం తీసి కంప్యూటర్‌కి పెట్టింది. కంగారులో పిన్ను తప్పు కొట్టింది. ఇంకోసారీ తప్పే. మూడోసారి తప్పితే పరికరానికి తాళం పడిపోతుంది, తెరిపించడానికి వారం పడుతుంది. ఆవిడ తలపట్టుకుంది. వినోద్ గోళ్ళు కొరికాడు. బుల్లమ్మ కాలవలో పారబోసిన పదకొండు గంపలూ తలుచుకుని కళ్ళు మూసుకుంది.

"చివరి రెండంకెలు తిరగేశారు మేడమ్," అన్నాడు కూర్మయ్య గుమ్మం దగ్గర్నుంచి. "మీ పెద్దపాప పుట్టినరోజు కదా."

ప్రపంచంలో తనకొక్కతికే తెలిసిన రహస్యం అటెండరు నోట విని మేడమ్ ఒక్క క్షణం కళ్ళార్పలేదు. పిన్ను మార్చుకోవాలని కాగితం మీద రాసుకుంది. తర్వాత కూర్మయ్య చెప్పినట్టే కొట్టింది. మూడూ యాభై రెండుకి కొత్త ఉత్తర్వు మీద ఆకుపచ్చ టిక్కు పడింది. ఈసారి బుల్లమ్మ దణ్ణం పెట్టలేదు. ముందు రెండు పేజీలూ చదవమంది. జగన్నాధం చదివాడు. ఐసుబండి అన్నచోట ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాడు. అప్పుడు వేలిముద్ర వేసింది.

బయట బల్ల మీద కూర్చుంటే పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలినట్టయింది. రేపట్నుంచి ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. చందువ చేప ఐసులో పడుకుని దర్జాగా బజారుకి వెళుతుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తుడుచుకోలేదు, ఉండనిచ్చింది. "అల్లుడూ, ఆకలేస్తన్నాది. ఏటైనా తిందాం రా," అంది. రెండింటి నుంచీ ఆ మాట కోసమే ఎదురు చూస్తున్న వినోద్ లేచి నిలబడ్డాడు.

లోపల అనూరాధ మేడమ్ జాబితాలో తారుమారైన రెండో సంఘానికి ఫోను చేసింది. శ్రీముఖలింగం అవతల ఒక చిన్న పల్లెలోని రైతు మహిళా సంఘం అది. పొరపాటున మీకు ఐసుబండి వచ్చిందేమో అని మొహమాటంగా మొదలుపెట్టింది.

"రావడవేటమ్మా, వచ్చి పది రోజులైపోనాది," అంది అటు నుంచి అధ్యక్షురాలు. "కళ్ళంలో అడ్డంగా ఉన్నాది. కోళ్ళు గుడ్లెడతన్నాయి అందులో. రేపే అట్టుకుపోండి. మాకిది ఒద్దని అప్పుడే మీ ఆఫీసులో అర్జీ ఇచ్చినాం కదా."

మేడమ్ ఫోను పెట్టి జగన్నాధం వైపు చూసింది. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, తప్పదని తెలిశాక సొరుగు లాగాడు. అర్జీ అక్కడే ఉంది. దాని అంచున ఆయన గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: "ఉత్తర్వుపై సంతకము పరిశీలించడమైనది. ఆకుపచ్చగా ఉన్నది. కావున ఫిర్యాదు లేనట్లే."